చెత్తలో కూర్చున్న సాలీడు

ఎమ్మెస్సీ జువాలజీలో చేరాక నేను మొదట గుర్తుపట్టడం నేర్చుకున్న సాలీడు పేరు సైక్లోసా. ఎదురుగా ఉన్నా కనిపించదు. గుండ్రటి గూడు మధ్యలో పైనుంచి కిందికి ఒక చెత్త గీత వేలాడుతుంటుంది. తిని వదిలేసిన పురుగుల డొక్కలు, ఎండుటాకు తునకలు, గుడ్ల సంచులు అన్నీ దారంతో కట్టి వరసగా పేరుస్తుంది. ఆ వరస నడుమ కాళ్లు ముడుచుకుని తానూ ఒక చెత్త ముక్కలా కూర్చుంటుంది. ఒంటి రంగూ చెత్త రంగే. గూడు పాతబడితే దారాలు మళ్లీ అల్లుకుంటుంది గానీ ఆ గీతను మాత్రం పారేయదు.

ఎవరి భయం? పిట్టలు, బల్లులు, ముఖ్యంగా కందిరీగలు. మన హాస్టల్ కిటికీ మూలల్లో మట్టిగూళ్లు కట్టే సన్న నడుము కందిరీగను అందరూ చూసే ఉంటారు. రాలిపడ్డ మట్టిగూడు విప్పితే కొన్నిటిలో గొంగళిపురుగులు, కొన్నిటిలో సాలీళ్లు ఉంటాయి. చచ్చినవి కావు, కుట్టించుకుని కదలలేక పడి ఉన్నవి. కందిరీగ పిల్ల వాటినే తింటూ పెరుగుతుంది.

మరి ఇది దాక్కోవడమేనా? తైవాన్ శాస్త్రవేత్తలు ట్సెంగ్, సో 2009లో ప్రచురించిన పరిశోధనలో, చెత్త ఉన్న గూళ్ల మీదికే కందిరీగలు ఎక్కువగా వచ్చాయి. కానీ వచ్చినవి సాలీడును వదిలి, దాని సైజులోనే ఉన్న చెత్త ఉండలను పట్టుకున్నాయి. అంటే కనిపిస్తూనే దొరక్కపోవడం. ఇంకో రకం సైక్లోసా తెల్లటి పట్టు బిళ్ల మీద కూర్చుని అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. దానికి నల్లపొడి పూసి చూస్తే కందిరీగల దాడులు పెరిగాయని 2014లో తేల్చారు. రెట్టను ఎవరు ముట్టుకుంటారు!

పీజీలో "ఎక్కడుంటావ్?" అని అడిగితే హాస్టల్ పేరు చెప్పకుండా "రూములో" అనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. ఆ ప్రశ్న హాస్టల్ గురించి కాదని అడిగే గొంతును బట్టే తెలుస్తుంది. నేనైతే పేరు చెప్తాను. చెప్పాక ఎదుటి మనిషి ముఖం కూడా చూస్తాను.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. కాబట్టి నేనేం చదువుతున్నానో ఇంట్లో వివరించడం కూడా నా పనే. పోయిన దసరాకు అమ్మకు ఈ చెత్త గీత సంగతంతా చెప్పాను.

"గీ పురుగుల కోసం గింత సదువా బిడ్డా?" అంది. కాసేపాగి, "వరి చేన్ల సాలెపురుగులుంటే దోమ తక్కువుంటది. నాటేసేటోళ్లందరికి ఎరికే" అంది.

వరిలో సుడిదోమను సాలీళ్లు తింటాయని మా పుస్తకంలోనూ ఉంది. ఆ పేజీ తీసి చూపించాను. అమ్మకు చదవడం రాదు, బొమ్మ మీద వేలు పెట్టి "ఇదే" అంది.

తమ్ముళ్లూ, ఏటా వార్షికోత్సవానికి ముందు మనం గోడలూ కంచే దులుపుతాం కదా. ఈసారి చీపురు ఎత్తేముందు పొదల మధ్య ఒక్క నిమిషం వంగి చూడండి. గూట్లో చెత్త గీత కనిపిస్తే అంచును పుల్లతో మెల్లగా కదపండి. ఏదో ఒక ముక్కకు కాళ్లు మొలుస్తాయి.