'గాజు ముక్కేగా' అనకండి!

మన తెలుగులో ఓ గమ్మత్తుంది. కిటికీకి బిగించేదీ గాజే, చేతికి వేసుకునేవీ గాజులే. ప్లాస్టిక్‌వి వేసుకున్నా, ఆఖరికి బంగారంవి వేసుకున్నా వాటిని గాజులనే అంటాం. నగకి గాజు పేరే పెట్టుకున్న మనమే, గాజు పెండెంట్ రేటు చెప్పగానే మాత్రం 'గాజు ముక్కకి ఐదొందలా?' అంటాం!

ఈ మాట నేను వారానికి నాలుగైదుసార్లు వింటాను. విజయనగరంలో మా ఇంటి వెనక గదిలో ఫ్యూజ్డ్ గ్లాస్‌తో చెవి దుద్దులు, పెండెంట్లు చేసి ఇన్‌స్టాలో అమ్ముతుంటాను. మొదట్లో మా మామ్మ "ఏటే గుంటా, గాజు పెంకులు పొయ్యిలో ఎట్టి మెళ్లో ఏసుకుంతావేటి?" అని ఒకటే నవ్వు.

మామ్మ అన్నది దాదాపు నిజమే. రంగు గాజు పలకల్ని కట్టర్‌తో గీసి విరుస్తాను. ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, కరెంటుతో పనిచేసే చిన్న కిల్న్‌లో పెడతాను. వేడి 750 డిగ్రీలకి చేరేసరికి అంచులు మెత్తబడి ముక్కలు అతుక్కుంటాయి. 800 దగ్గర పూర్తిగా కలిసిపోయి ఒకటే బిళ్ల అవుతుంది. జిగురుతో పనే లేదు. కాకపోతే అన్ని గాజులూ కలవవు. వేడికి ఒక్కో రకం ఒక్కోలా సాగుతుంది. సీసా పెంకునీ కిటికీ అద్దాన్నీ కలిపి కరిగిస్తే అతుక్కున్నట్టే ఉంటాయి, చల్లారాక పగుళ్లిస్తాయి.

అసలు పని చల్లార్చడంలోనే ఉంది. గాజు పైన త్వరగా, లోపల నెమ్మదిగా చల్లారుతుంది. ఆ తేడా లోపల ఒత్తిడిగా మిగిలిపోతే, నున్నగా మెరిసే బిళ్ల కూడా ఏదో ఒక రోజు టప్‌మని పగిలిపోతుంది. అందుకే 500 డిగ్రీల చుట్టుపక్కల కాసేపు ఆపి, అక్కణ్నుంచి మెల్లగా దించాలి. దీన్నే అనీలింగ్ అంటారు. పొద్దున్న పెట్టిన బ్యాచ్‌ని నేను రాత్రికి గానీ తెరవను. తుఫాను హెచ్చరికలుంటే అసలు స్విచ్చే వెయ్యను. మధ్యలో కరెంటు పోతే చిన్న కిల్న్ గబగబా చల్లారిపోతుంది మరి.

గాజు నగలు మనకి కొత్త కాదు. తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేట గాజు పూసలకి పేరున్న ఊరు. కరిగిన గాజు ముద్దని సన్నని గొట్టంలా సాగదీసి, చిన్న చిన్న ముక్కలుగా కోసి పూసలు చేస్తారు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దాదాపు 2000 ఏళ్ల కిందట చేసిన పూసలూ ఇలా సాగదీసినవే.

పోయిన నెల ఓ ఫ్యాన్సీ షాపాయన పెళ్లి రిటర్న్ గిఫ్టులకని 200 జతల దుద్దులు అడిగారు. జత వంద రూపాయలు, నాలుగు రోజుల్లో కావాలన్నారు. నా కిల్న్‌లో రోజుకి ఇరవై ముక్కలే పడతాయి. అంటే పది జతలు, మొత్తానికి ఇరవై రోజులు. "త్వరగా చల్లార్చేయమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నారాయన. కిల్న్ మీద ఇంకా ఎనిమిది ఈఎమ్‌ఐలున్నాయి. ఆ డబ్బొస్తే మూడు తీరిపోయేవి. అయినా వద్దన్నాను. దుద్దు పగిలితే ఆ అంచు ఏ పిల్ల మెడకి గుచ్చుకుంటుందో ఎవరికి తెలుసు? అమ్మ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మన దగ్గర బొబ్బిలి వీణ కొనేవాళ్లెవరూ 'ఈ పనస దుంగ ఎంతుంటుంది?' అని అడగరు. పొందూరు ఖద్దరు పంచెని 'దూదేగా' అనరు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకే ఓపికకి కూడా కలిపే డబ్బిస్తారు. ఆ లెక్క గాజుకీ వెయ్యమనే నేను అడిగేది.

ఇంకోటి. ఆన్‌లైన్‌లో గాజని చెప్పి రెసిన్ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. చేతిలోకి తీసుకోగానే గాజు చల్లగా, బరువుగా తగుల్తుంది. రెసిన్ తేలిగ్గా ఉంటుంది. ఈసారి చేత్తో చేసిన గాజు నగ కొనేటప్పుడు రేటు కంటే ముందు, 'దీన్ని ఎంతసేపు చల్లార్చారు?' అని అడగండి. గంటల్లో లెక్క చెప్తే కొనండి, కాస్త బేరమాడినా తప్పులేదు. నీళ్లు నమిలితే మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దు.