అమ్మ కోసం ఓ చలి కూజా

నవంబరు రెండోవారం. మేఘాలయలోని జోవాయ్ ఊళ్లో ఐదింటికే వెలుతురొచ్చేసింది. రెండు దుప్పట్లు కప్పుకున్నా ముక్కు మంచుముక్కలా ఉంది. కుళాయి తిప్పితే వేళ్లు కొంకర్లు పోయాయి. ఇంత చలిలో పొద్దున్నే లేచి నేను చూడబోయేది జలపాతాన్నో గుహనో కాదు... పురుగుల్ని తినే మొక్కని!

చిన్నప్పుడు సైన్సు నోటుబుక్కులో మనందరం బొమ్మ వేసిన మొక్కే. ఆకు చివర మూతున్న కూజా, పక్కన ‘నెపంథిస్’ అని పేరు. దాన్ని వెతుక్కుంటూ ఇంతదూరం రావడానికి కారణం మా అమ్మ.

అంతకుముందు ఏడాది హైదరాబాద్‌లో ఓ మొక్కల మేళాలో కూజా మొక్క కనిపించింది. బొద్దుగా, గుండ్రంగా, గుత్తులు గుత్తులుగా చిట్టి కుండలు. పేరేమిటని అడిగితే ‘ఇంపోర్టెడ్ సార్’ అన్నాడు అమ్మేవాడు. నాకూ అంతకుమించి అడగాలని తోచలేదు. ఆదిలాబాద్‌లో ఉన్న అమ్మకి పట్టుకెళ్లి ఇచ్చాను. ఆమె రెండునెలలు దాన్ని పసిపిల్లలా చూసుకుంది. డిసెంబరులో ఫోన్ చేసింది. ‘‘బిడ్డా, కుండలన్నీ నల్లగైనయ్. సలికి సచ్చినట్టుంది. నేనే సరిగ జూడలేదేమో...’’

ఆ చివరి మాటే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. తప్పు అమ్మది కాదు, నాది. ఆ బొద్దు కుండలది ఆంపులేరియా రకమని తర్వాత తెలిసింది. బోర్నియో, సుమత్రా పల్లపు అడవుల్లో చెట్ల నీడన పెరుగుతుంది. పురుగులతోపాటు రాలిన ఆకులు కూడా దానికి ఆహారమే. ఏడాదంతా ఉక్కపోతలో బతికే మొక్కని, చలికాలం రాత్రి పది డిగ్రీల కిందికి దిగడం మామూలైన ఊళ్లో పెట్టాను. మరి చలిని తట్టుకునే కూజా మొక్కే లేదా? ఉంది, అదీ మన దేశంలోనే ఉందని తెలిశాక షిల్లాంగ్‌కి టికెట్ కొన్నాను.

షిల్లాంగ్ నుంచి జోవాయ్ అరవై కిలోమీటర్ల పైచిలుకు. అక్కణ్నుంచి డావ్‌కీ వైపు వెళ్లే దారిలో ఇంకో ఇరవై కిలోమీటర్లు పోతే జరైన్. ఊరి దగ్గర చిన్న చెరువుంది. దాని పేరే పిచ్చర్ ప్లాంట్ లేక్. చెరువులో పడవలుంటాయి, ఫొటోలు దిగుతారు, అది సరే. అసలు సంగతి చుట్టూ ఉన్న గడ్డి వాలుల్లో ఉంది.

మొదటి పావుగంట నాకేమీ కనిపించలేదు. ఫెర్న్‌లు, పొదలు, తడిసిన గడ్డి... అంతే. చుట్టాలింటికి వచ్చిన ఓ జయంతియా పెద్దావిడ నా తంటాలు చూసి నవ్వింది. ఆమెని మా డ్రైవరు ‘కాంగ్’ అని పిలిచాడు. ఇక్కడ అక్కని అలా అంటారు. ఆమె వంగి, ఓ పొదని పక్కకి తీసింది. అంతే! ఒకటి కాదు, పదులకొద్దీ కూజాలు. లేతాకుపచ్చ ఒళ్లు, అంచుకి ఎర్రటి జీర, పైన చిన్న మూత. ఒకదాంట్లోకి తొంగి చూస్తే అడుగున నీళ్లు, నీళ్లలో చీమలు.

ఇది పువ్వు కాదు, ఆకే. ఆకు మధ్య ఈనె తీగలా సాగి, దాని చివర ఉబ్బి కూజా అవుతుంది. నేలలో నత్రజని తక్కువ కాబట్టి మొక్క దాన్ని పురుగుల నుంచి రాబట్టుకుంటుంది. అంచున తేనెలాంటి రసం ఊరుతుంది. దానికోసం వచ్చిన పురుగు జారి లోపల పడితే, అక్కడి ద్రవం మెల్లగా జీర్ణం చేసుకుంటుంది. తిరువనంతపురం దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ట్రాపికల్ బొటానిక్ గార్డెన్ శాస్త్రవేత్తలు 2013లో ఇంకో విచిత్రం బయటపెట్టారు. అతినీలలోహిత కాంతిలో ఈ కూజా అంచు నీలంగా మెరుస్తుందట! మన కంటికి కనిపించని ఆ వెలుగు పురుగులకి ఆహ్వానమని వాళ్లు చెప్పారు.

శాస్త్రవేత్తలు దీన్ని నెపంథిస్ ఖాసియానా అంటారు. దేశంలో సహజంగా పెరిగే నెపంథిస్ ఇదొక్కటే. ఖాసీలు రాక్షస పువ్వంటారు, గారోలు దెయ్యం బుట్ట అంటారు. గారో కొండల్లోని బాగ్‌మారాలో దీనికోసం చిన్న అభయారణ్యమే ఉంది.

ఖాసియానా చలికి జంకదు. సుమారు అయిదొందల నుంచి పదిహేనొందల మీటర్ల ఎత్తులో పెరుగుతుంది. పగలు ఎండ, రాత్రి చలి దీనికి పుట్టుకతో అలవాటు. నా చేతికి అందేంత దూరంలో ఓ చిన్న పిలక ఉంది. నాలుగంటే నాలుగాకులు. అమ్మ మొహం గుర్తొచ్చింది. చెయ్యి దానిమీదికి పోయింది కూడా. కాంగ్ ఏదో అంది. ‘‘చూడమంటోంది సార్, పీకొద్దంటోంది’’ అన్నాడు డ్రైవరు. సిగ్గేసింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న కొద్దిపాటి మొక్కల్లో ఇదొకటి. అనుమతి లేకుండా పెకలించడం, అమ్మడం నేరం. అంతర్జాతీయ వ్యాపారంలోనూ అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. ఇప్పటికే గనులు, పోడు, మొక్కలు ఎత్తుకెళ్లేవాళ్ల వల్ల నష్టపోయింది. చట్టం సంగతి పక్కన పెట్టినా అది మా అమ్మ వరండాకి సరిపడదు. కాంగ్ తలెత్తి చూపించింది. ఓ ముదురు తీగ పొదలన్నిటినీ దాటుకుని చెట్టెక్కి కూర్చుంది! పిలకగా ఉన్నప్పుడు ముచ్చటగా ఉండేది పెద్దయ్యాక మీటర్లకొద్దీ పాకుతుంది.

అలా ఉత్తచేతులతో తిరిగొచ్చాను. కానీ మొక్కని ఎలా ఎంచుకోవాలో ఆ కొండ నేర్పింది. కూజా అందం చూడకూడదు, మొక్క పుట్టిన ఎత్తు చూడాలి. పల్లపు రకాలకి మన చలికాలం గిట్టదు. అలాగని మరీ ఎత్తుకి పోయినా కష్టమే. బోర్నియోలోని కినబాలు కొండమీద మూడువేల మీటర్లు దాటిన చోట విల్లోసా అనే రకం ఉంటుంది. చలంటే దానికి ప్రాణం. కానీ దానికి ఏడాది పొడవునా ఆ చల్లదనమే కావాలి. ఆదిలాబాద్ మే నెలలో బతకదు. చలికి ఓర్చే మొక్క అనగానే ఎగబడి కొనే ముందు మన ఎండాకాలాన్ని గుర్తుచేసుకోవాలి. అటూఇటూ కాని నడిమి ఎత్తు మొక్కలే మనకి దిక్కు.

అలాంటివాటిలో నాకు నచ్చింది వెంట్రికోసా. ఫిలిప్పీన్స్ కొండల్లో వెయ్యి మీటర్లకి పైన పుట్టింది. కూజా నడుం దగ్గర ఎవరో చేత్తో నొక్కినట్టు సన్నగా ఉంటుంది. చాలాకాలం గుబురుగా, కుండీలోనే ఒద్దికగా ఉంటుంది. రాత్రి పది డిగ్రీలు దానికి లెక్కలోది కాదు. దాని సంకరం వెంట్రాటా ఇంకా మొండిది, నర్సరీల్లో సులువుగా దొరుకుతుంది కూడా. కాకపోతే పాకుతుంది, కొసలు తుంచుతూ ఉండాలి. మలేసియా కొండల సాంగ్వినియా ఎర్రగా బాగుంటుంది, నిదానంగా పెరుగుతుంది. విదేశాల్లో కిటికీ గట్లమీద పెంచే ‘గయా’ అనే పొట్టి సంకరంలో మన ఖాసియానా రక్తం ఉందని తెలిసి భలే సంతోషమేసింది.

ఎనిమిది నెలలు ఆగి, వానలు పడ్డాక జూలైలో వెంట్రికోసా కొన్నాను. ఈసారి పేరు రాసివున్న, టిష్యూ కల్చర్‌లో పెంచిన మొక్క. దాంతోపాటు అమ్మకి చాంతాడంత జాబితా. మట్టి వద్దు, ఎరువు అసలే వద్దు, కడిగిన కొబ్బరి పీచు ముక్కలు చాలు. బోరు నీళ్లు పొయ్యొద్దు, వాన నీళ్లుగానీ ఆర్వో నీళ్లుగానీ పొయ్యాలి. తూర్పు ఎండ చాలు. కూజాలో మాంసం ముక్కలు వెయ్యొద్దు, కుళ్లిపోతుంది. థర్మామీటరు ఏడుకి దిగితే లోపల పెట్టు.

‘‘నిన్ను పెంచినప్పుడు గిన్ని రూల్స్ లెవ్వు’’ అంది అమ్మ.

ఈ జనవరి మొదటివారంలో మళ్లీ ఫోను. గుండె గుభేలుమంది. రాత్రి తొమ్మిది డిగ్రీలకి దిగిందట, మొక్క వరండాలోనే ఉందట. ‘‘కుండ ఒక్కటి సుత నల్లగ గాలే బిడ్డా. ఒకటి కొత్తది మూత తెరిసింది. ఇంట్ల ఓ సీమ గూడ పడ్డది!’’

మార్చి దగ్గర పడుతోంది. ఎండలకి అడ్డంగా కట్టడానికి తడి గోనెపట్టాలు సిద్ధం చేస్తున్నానంటోంది. ఈసారి జాబితా నేను రాయలేదు.