కల్వకుర్తి జైపాల్ రెడ్డి చంక కర్రలు, మన రిజర్వేషన్

పోస్టు కొంచెం పెద్దగున్నది. ఓపికతో చదవండి.

మన గ్రూపుల జైపాల్ అనంగనే అందరికీ యాదికొచ్చేది జైపాల్ సింగ్ ముండా. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌ల హాకీ కెప్టెన్, రాజ్యాంగ సభల ఆదివాసుల గొంతు. ఆయన గురించి మనకు తెలుసు. నేను ఈ రోజు రాసేది ఇంకో జైపాల్ గురించి, మా కల్వకుర్తి జైపాల్ రెడ్డి గురించి. "ఎస్టీ పిల్లల గ్రూపుల రెడ్డి నాయకుని ముచ్చట ఎందుకురా" అని కొందరు అంటరు, అది నాకు తెలుసు. చివరి దాక చదివి, అప్పటికీ తిట్టాలనిపిస్తే తిట్టండి.

నేను కల్వకుర్తిల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ మెట్లు ఎక్కిన మొదటోణ్ణి నేనే. మా యాడి, బాపు దసరా అయినంక పూణె పోతరు, పొద్దుగాల అడ్డా మీద నిలబడి ఏ పని దొరికితే ఆ పనికి పోతరు, మళ్ల ఉగాదికి వస్తరు. నా రూంల ఉండే దోస్తుది కూడా ఇదే కథ. వానిది మా పక్క తండానే.

పోయిన నెల క్లాసుల ఇంటర్నల్ మార్కులు చెప్పిన్రు. మా దోస్తుకు మంచిగనే వచ్చినయి. బయటికి వచ్చినంక ఒకడు నవ్వుకుంట అన్నడు, "మీకేందిరా, మీకు రిజర్వేషన్ కర్ర ఉన్నది. కర్ర పట్టుకొని ఎక్కడికైనా పోతరు. అది గుంజుకుంటే ఒక్క అడుగు వెయ్యలేరు" అని. పక్కనున్నోళ్లు నవ్విన్రు. మా దోస్తు ఏమనలే. నేను కూడా ఏమనలే. నిజం చెప్పాలంటే, ఏమనాలెనో నాకు తెలవలే. రెండు రోజులకు వాడు పెట్టె సర్దుకొని తండాకు పోయిండు. ఫోన్ చేస్తే, "ఈసారి మా బాపుతోని నేను కూడా పూణె పోతరా, ఈ మాటలు పడుడు నాతోని కాదు" అంటుండు. పరీక్ష ఫీజు కూడా కట్టలే.

ఆ ఆదివారం నేను ఇంటికి పోయి మా దాదాకు ఈ సంగతి చెప్పిన. దాదా చదువుకోలే, ఏలిముద్ర మనిషి. అంతా విని ఒక్కటే మాట అన్నడు. "కర్ర అంటే నవ్వుతరా? ఇదే కల్వకుర్తికి పదిహేనేండ్లు ఎమ్మెల్యే చేసిన జైపాల్ రెడ్డి రెండు కర్రల మీద నడిచినోడే గద. ఆయన మాట్లాడుతుంటే ఎవడన్న నవ్విండా?"

నాకు జైపాల్ రెడ్డి అంటే పేరు తప్ప ఏం తెలవదు. ఆయన చనిపోయినప్పుడు నేను స్కూల్ పిల్లగాణ్ణి. వాపస్ వచ్చినంక లైబ్రరీల, ఫోన్‌ల దొరికినంత చదివిన. చదివింది ఇక్కడ పెడుతున్న.

ఆయన సొంతూరు మాడ్గుల. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాల పడ్డది. 1942 జనవరి 16న పుట్టిండు. చిన్నతనంలనే పోలియో వచ్చి కాళ్లు పోయినయి. అప్పటి నుంచి చంక కర్రలే. ఉస్మానియా యూనివర్సిటీల ఇంగ్లీషు సాహిత్యం ఎం.ఏ. చదివిండు, అక్కడనే విద్యార్థి నాయకుడైండు. 1969ల కల్వకుర్తి నుంచి కాంగ్రెస్ ఎమ్మెల్యేగా గెలిచిండు. అప్పుడు ఆయనకు ఇరవై ఏడేండ్లు. మనకంటే ఏడెనిమిదేండ్లు పెద్ద, అంతే. అట్ల 1984 దాక నాలుగు సార్లు ఇక్కడి నుంచే ఎమ్మెల్యే.

నాకు ముఖ్యమనిపించింది 1977. ఎమర్జెన్సీ తప్పని చెప్పి, అధికారంల ఉన్న పార్టీని వదిలి జనతా పార్టీల చేరిండు. 1980ల మెదక్‌ల ఇందిరా గాంధీ మీదనే ఎంపీగా పోటీ చేసిండు. ఓడిపోయిండు, అది కూడా పెద్ద తేడాతోని. అయినా ఇంట్ల కూసోలే. 1983ల రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి ఉన్నప్పుడు కూడా కల్వకుర్తిల జనతా పార్టీ మీదనే గెలిచిండు. 1984ల మహబూబ్‌నగర్ ఎంపీ అయిండు. ఈ గడ్డ సంగతి మీకు తెలుసు కద. 1989ల ఎన్టీఆర్‌నే చిత్తరంజన్ దాస్ చేతిల ఓడగొట్టింది ఈ కల్వకుర్తి. పేరు చూసి ఓటు వేసే జాగా కాదిది.

తర్వాత రాజ్యసభకు పోయిండు. 1991, 92ల అక్కడ ప్రతిపక్ష నాయకుడు. 1997ల గుజ్రాల్ ప్రభుత్వంల సమాచార, ప్రసార శాఖ మంత్రి. అప్పటి దాక ఆకాశవాణి, దూరదర్శన్ నేరుగా సర్కారు చేతిల ఉండేటివి. వాటిని ఒక స్వతంత్ర సంస్థ కిందికి తేవాలని ప్రసార భారతి చట్టం 1990లనే పాసైంది గానీ ఏడేండ్లు అమలు కాలే. ఈయన మంత్రిగా ఉన్నప్పుడు 1997ల అమలైంది. సర్కారు చేతిల ఉన్న టీవీని సర్కారు మంత్రే ఇడిచిపెట్టుడు అంటే చిన్న సంగతి కాదు. 1998ల ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు వచ్చింది. ఆయన ఇంగ్లీషు వింటే ఢిల్లీల పెద్ద పెద్దోళ్లు కూడా డిక్షనరీ తీసేటోళ్లని అంటరు. మాడ్గుల నుంచి పోయిన మనిషి!

1999ల మళ్ల కాంగ్రెస్‌కు వచ్చిండు. మిర్యాలగూడ నుంచి రెండు సార్లు, 2009ల చేవెళ్ల నుంచి ఎంపీ. మన్మోహన్ సింగ్ ప్రభుత్వంల సమాచార ప్రసారం, పట్టణాభివృద్ధి, పెట్రోలియం, సైన్స్ టెక్నాలజీ శాఖలు చూసిండు. 2012 అక్టోబర్‌ల పెట్రోలియం నుంచి మార్చిన్రు. గ్యాస్ ధర విషయంల పెద్ద కంపెనీకి లొంగలేదు కాబట్టే మార్చిన్రని ప్రతిపక్షాలు గట్టిగనే అన్నయి. ఆయన మాత్రం ఇచ్చిన శాఖ తీసుకొని పని చేసుకున్నడు. 2014ల మహబూబ్‌నగర్‌ల ఓడిపోయిండు. ఆఖరి రోజులల్ల 'టెన్ ఐడియాలజీస్' అని ఇంగ్లీషుల పుస్తకం రాసిండు. 2019 జులై 28న హైదరాబాద్‌ల చనిపోయిండు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు ఆయన పేరు పెట్టాలని 2025 జనవరిల రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకున్నది.

ఇదీ ఆయన బతుకు. ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తా.

ఇదంతా చదివినంక మొదట నాకు ఖుషీ అయింది. మా దోస్తుకు ఫోన్ చేసి, "చూడురా, కర్రల మీద నడిచినోడు కేంద్ర మంత్రి అయిండు, మనకేమైంది" అని చెప్దామనుకున్న. మళ్ల ఆగిపోయిన. ఎందుకంటే అది సగం నిజమే. ఆయనకు కాళ్లు లేవు గానీ భూమి ఉండె. ఊర్ల పేరు ఉండె. రెడ్డి అనే కులం ఉండె. ఓడిపోయిన రోజు వాపస్ పోతానికి ఇల్లు, పొలం, మనుషులు ఉన్నరు. నా దోస్తు ఫెయిలైతే వాడు వాపస్ పోయేది పూణె అడ్డా మీదికి. ఇద్దరినీ ఒకటే త్రాసుల పెట్టి, "ఆయన చేసిండు కద, నువ్వు చెయ్యలేవా" అంటే వానికి ఇంకింత బరువు ఎత్తినట్టే అయితది.

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. జైపాల్ రెడ్డికి రెండు రకాల కర్రలు ఉండె. ఒకటి కట్టెతోని చేసింది, అందరికీ కనపడేది. రెండోది భూమి, కులం, ఊర్ల పలుకుబడి. అది కూడా మనిషిని నిలబెట్టేదే గానీ దాన్ని ఎవ్వరూ కర్ర అనరు. నవ్విన పిల్లగానికి కూడా అసొంటిది ఉన్నది. వాళ్ల నాయినకు చదువు వచ్చు. ఇంట్ల పుస్తకాలున్నయి. టెన్త్ నుంచి కోచింగ్ ఫీజు కట్టిన్రు. అప్లికేషన్ నింపుడు వానికి ఇంట్లనే నేర్పిన్రు. నాకు మొదటిసారి అప్లికేషన్ నింపినప్పుడు సంతకం ఎక్కడ పెట్టాలెనో చెప్పేటోళ్లు మా ఇంట్ల లేరు. వాడు చెడ్డోడని అంటలే. వాని కర్ర వానికి పుట్టినప్పటి నుంచి ఉన్నది, అందుకే వానికి కనపడుత లేదు. మనది సర్టిఫికెట్ మీద రాసి ఉన్నది, అందుకే అందరికీ కనపడుతది. తేడా అంతే.

ఇంకోటి. చంక కర్రలు పట్టుకున్న మనిషిని ఎప్పుడన్న దగ్గరి నుంచి చూడండి. మా తండాల ఒక కాకా ఉన్నడు. చంకల కాయలు కాసి ఉంటయి. అరచేతులు మొద్దు తేలి ఉంటయి. కాళ్లున్నోడు పది అడుగులు వేసే జోరుకు ఆయనకు ఇరవై అడుగుల కష్టం. కర్ర ఊకె నిలబడుతది, నడిచేది మనిషే. రిజర్వేషన్ కూడా అంతే. అది కాలేజీ గేటు దాక తీసుకొచ్చింది. లోపల కూసొని పరీక్ష రాసేది మా దోస్తే. ఆ ఇంటర్నల్ మార్కులు వాడు రాసుకున్నయి, వానికి రిజర్వేషన్‌ల వచ్చినయి కావు.

ఈ కర్ర మనకు ఊకె కూడా రాలే. తెలంగాణల లంబాడీలకు ఎస్టీ 1976 సవరణ చట్టంతోని వచ్చింది, 1977 నుంచి అమలు. దానికంటే ముందు ఆంధ్ర ప్రాంతంల మనోళ్లు ఎస్టీ, ఇక్కడ కాదు. అంటే మా దాదా పిల్లగానిగ ఉన్నప్పుడు ఆయనకు ఏ కర్ర లేకుండె. అందుకే ఏలిముద్ర మనిషిగ మిగిలిపోయిండు. మొన్న 2022ల రాష్ట్రంల 6 శాతం నుంచి 10 శాతం అయింది. అప్పటి దాక ఎన్ని పోస్టులు పోయినయో మన సీనియర్ అన్నలను అడగండి.

ఇక్కడ ఒక తమాషా కూడా ఉన్నది. మా దాదా 1978ల మొదటిసారి ఓటు వేసిండంట. "మనకు ఎస్టీ ఇచ్చింది ఇందిరమ్మ, ఆమెకే వెయ్యాలె" అని తండాల చానామంది అన్నరు. దాదా మాత్రం నాగలి మోసే రైతు గుర్తు మీద, జైపాల్ రెడ్డికి వేసిండు. "ఎందుకు దాదా, ఎస్టీ ఇచ్చింది ఆమె కద?" అని నేను అడిగిన. "ఇచ్చింది మా హక్కు. ఓటు నా ఇష్టం. కల్వకుర్తిల మీటింగ్‌కు పోయిన. కర్రలు పక్కకు పెట్టి, బల్ల పట్టుకొని నిలబడి మాట్లాడిండు. ఇట్ల నిలబడేటోడు మన కష్టం అర్థం చేసుకుంటడు అనిపించింది" అన్నడు. "మరి చేసుకున్నడా?" అంటే, దాదా కొంచెం సేపు ఆగి, "మా తండాకు రోడ్డు చానా ఏండ్లకు వచ్చింది" అన్నడు. అంతకంటే ఏం చెప్పలే. నేను కూడా అడగలే. పెద్ద నాయకుల గురించి చదివేటప్పుడు ఇది కూడా యాదిల పెట్టుకోవాలె. ఢిల్లీల ఎంత మంచిగ మాట్లాడినా, తండాకు రోడ్డు ఎప్పుడొచ్చిందో తండానే చెప్పాలె.

మన దగ్గర నుంచి పోయి మాట్లాడేటోళ్లు లేక కాదు. ములుగు సీతక్కను చూడండి. కోయ బిడ్డ. అడవిల తుపాకీ పట్టింది, బయటికొచ్చి లా చదివింది, ఎమ్మెల్యే అయింది, 2022ల ఉస్మానియాల పీహెచ్‌డీ తీసుకున్నది, 2023 డిసెంబర్‌ల మంత్రి అయింది. ములుగు ఎస్టీ రిజర్వుడు సీటు. ఆ సీటు లేకుంటే ఆమె గొంతు అసెంబ్లీ దాక పోయేదా? పోయినంక ఆమె పని చూసి ఎవడన్న "కర్ర" అంటడా?

పోయిన వారం క్లాసుల సెమినార్ ఉండె. నేను జైపాల్ రెడ్డి మీద పది నిమిషాలు మాట్లాడిన. కాళ్లు వణికినయి. రెండు సార్లు మధ్యల మాట మరిచిపోయిన. ఆఖరికి ఈ రెండు కర్రల ముచ్చట చెప్పిన, ఎవ్వరి పేరు తియ్యలే. ఆ పిల్లగాడు తల దించుకొని రాసుకుంటున్నట్టు కూసున్నడు. బయటికి వచ్చినంక, "ప్రసార భారతిది ఎన్నో సంవత్సరం అన్నవ్?" అని అడిగిండు. "1997" అని చెప్పిన. గంతే. సారీ ఏం చెప్పలే, నేను కూడా అడగలే. కానీ ఆ రోజు నోరు మూసుకొని నిలబడ్డ నాకు, ఇప్పుడు జవాబు ఉన్నది. అది చాలు.

ఈ పోస్టు నిజంగ ఒక్కని కోసం రాసిన. వాడు ఈ గ్రూపుల ఉన్నడు, మెసేజ్‌లు చూస్తడు, జవాబియ్యడు. పేరు రాస్తలేను. అరే దోస్త్, ఫైన్‌తోని పరీక్ష ఫీజుకు ఇంకా టైం ఉన్నది. నేను ఆఫీసుల అడిగిన. నా స్కాలర్‌షిప్‌ల కొంచెం మిగిలింది, తర్వాత ఇద్దువు. నీ మంచం మీద నేను బట్టలు ఆరేసుకుంటున్న, నువ్వొస్తే తీస్తా. పూణె ఎక్కడికీ పోదు. పరీక్ష మాత్రం పోతది.

గ్రూపుల ఇంకా ఎవరన్న ఇట్ల ఒక మాట పడి పెట్టె సర్దుకుంటున్నరేమో, సీనియర్ అన్నలు, అక్కలు కొంచెం వాళ్లకు ఫోన్ చెయ్యండి. నేను రాసినదాంట్ల తప్పులుంటే కింద చెప్పండి, దిద్దుకుంటా.

జై సేవాలాల్.