ముప్పై, అరవై, ఇరవై ఐదు

ఆగస్టు వచ్చిందంటే రిచర్డ్‌సన్, డెంటన్, ఆర్లింగ్టన్ అపార్టుమెంట్లలో చదువుకి ఇండియా నుంచి వచ్చే మన పిల్లల సందడి మొదలవుతుంది. ముందు సిమ్ కార్డు, తర్వాత బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం, ఆ వెంటనే కారు. డాలస్ చుట్టుపక్కల కారు లేకపోతే ఇంట్లోకి బియ్యం కూడా రావు. అందుకని నలుగురూ చందాలేసుకుని ఏ పాత కరోలానో సివిక్‌నో కొంటారు. కొన్న సాయంత్రమే తెలిసినవాళ్లందరికీ ఫోన్లు. ఇన్సూరెన్స్ ఎక్కడ చవక?

మా అక్క కొడుకూ అదే అడిగాడు. అప్పటికే ఆన్‌లైన్‌లో ఒకటి చూసిపెట్టుకున్నాడు.

"ఎంతకి తీసుకుంటున్నావు?" అన్నాను.

"నెలకి పడేది చెప్పనా పిన్నీ?"

"అది తర్వాత నాన్నా. నీ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే కంపెనీవాళ్లు ఎంతవరకు ఇస్తారు?"

అది చూడలేదన్నాడు. చాలామంది చూడరు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగాల్లో పదేళ్లు దాటినవాళ్లు, సొంతిల్లు కొన్నవాళ్లు కూడా చూడరు. చూడవలసింది మాత్రం అదే.

టెక్సాస్‌లో బండి రోడ్డెక్కాలంటే చట్టం అడిగే కనీసం 30/60/25. మన తప్పు వల్ల ప్రమాదం జరిగితే గాయపడిన ఒక్కొక్కరికి 30 వేల డాలర్ల దాకా, ఎంతమందికి దెబ్బలు తగిలినా అందరికీ కలిపి 60 వేల దాకా, విరిగిన వాళ్ల బండికో గోడకో 25 వేల దాకా కంపెనీ ఇస్తుంది. అక్కడితో దాని బాధ్యత తీరిపోతుంది. మిగతాది మన నెత్తిన పడుతుంది. ఈ దేశంలో కొత్త కారు సగటు ధరే 50 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంది. సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎదుటి పికప్‌ని గట్టిగా గుద్దామంటే ఆ 25 వేలు బండికే చాలవు. ఇక మనిషికి ఎముక విరిగి, ఆపరేషన్ జరిగి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే 30 వేలు ఏ మూలకి?

మనవాళ్లకి ఇది ఎందుకు తట్టదో నాకు అర్థమవుతుంది. ఇండియాలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద తీసుకునే థర్డ్ పార్టీ పాలసీలో మరణానికీ గాయాలకీ పైపరిమితి లేదు. ట్రిబ్యునల్ ఎంత తేలిస్తే అంతా కంపెనీ కట్టవలసిందే. కార్ల విషయంలో ఆస్తి నష్టానికి మాత్రం ఏడున్నర లక్షల రూపాయల హద్దు ఉంది. పైగా ఆ థర్డ్ పార్టీ ధరని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, ఏ కంపెనీ దగ్గర కొన్నా ఒకటే. అక్కడ మనం బేరమాడేదల్లా సొంత బండి రిపేరు గురించి. బంపర్ టు బంపర్ ఉందా, నో క్లెయిమ్ బోనస్ ఎంత, బండి విలువ ఎంత వేశారు అనే. ఎదుటివాడి సంగతి చట్టం చూసుకుంటుందన్న భరోసాతో పెరిగిన మనం, ఇక్కడికొచ్చి అదే అలవాటుతో సొంత బండి గురించే ఆలోచిస్తాం. ఇక్కడ ఎదుటివాడికి ఎంత అందాలో నిర్ణయించి కొనవలసింది మనమే.

"నా దగ్గర ఏముంది పిన్నీ, దావా వేసి ఏం తీసుకుంటారు?" అన్నాడు వాడు. విద్యార్థికి ఇది సహజంగా వచ్చే మాటే. కానీ టెక్సాస్‌లో కోర్టు తీర్పు పదేళ్లు అమల్లో ఉంటుంది, ఆ తర్వాత పొడిగించుకోనూ వచ్చు. ఇవాళ ఖాళీ జేబుతో ఉన్నవాడు అయిదేళ్ల తర్వాత అలా ఉండడుగదా. ఈ రాష్ట్ర చట్టం సొంతిల్లుని, ఇంకా చేతికందని జీతాన్ని, రిటైర్మెంట్ ఖాతాని ఇలాంటి అప్పుల నుంచి చాలావరకు కాపాడుతుంది. బ్యాంకులో పడ్డ డబ్బుకీ మామూలు ఖాతాలోని షేర్లకీ ఆ రక్షణ లేదు. మనవాళ్లు దాచుకునేది ఎక్కువగా ఆ రెండు చోట్లే. ఇదంతా పక్కన పెట్టినా, మన చేతి మీదుగా ఒక మనిషి కాలు విరిగితే అతని వైద్యానికి డబ్బు ఉండాలి. బండి నడిపేవాడికి ఉండవలసిన మొదటి పూచీ అదేనని నా నమ్మకం.

ఆ ఆదివారం వాడి పాలసీ మొదటి పేజీ మా భోజనాల బల్ల మీద పరిచాం. ఆ పేజీని డెక్లరేషన్స్ పేజీ అంటారు, పాలసీ మొత్తంలో చదవవలసింది అదొక్కటే అన్నా తప్పులేదు. ఎడమవైపు కవరేజీ పేర్లు, మధ్యలో పరిమితి, కుడి చివర దానికి ఆరు నెలలకి పడే ధర. వాడు ఎంచుకున్నవి పైనుంచి కిందికి వేలితో చదివాం. బాడిలీ ఇంజురీ 30/60. ప్రాపర్టీ డ్యామేజ్ 25. అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్, వద్దన్నారు. పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్, వద్దన్నారు. కొలిజన్, 250 డాలర్ల డిడక్టబుల్. కాంప్రహెన్సివ్, అదీ 250. కుడి చివర అన్నిటికన్నా పెద్ద అంకె, గుద్దుకుంటే సొంత బండి బాగుకిచ్చే కొలిజన్ ఎదురుగా ఉంది. పన్నెండేళ్ల పాత బండికి వచ్చే సొట్టల కోసం సగం డబ్బు పోస్తున్నాడు, మనుషుల కోసం చట్టం అడిగిన దానికన్నా ఒక్క డాలరు ఎక్కువ పెట్టలేదు.

తిప్పి రాశాం. ప్రాపర్టీ డ్యామేజ్ లక్ష చేసి, బాడిలీ ఇంజురీని 100/300 చేశాం. కొలిజన్ డిడక్టబుల్ వెయ్యికి పెంచాం. ఒక ప్రమాదంలో మన చేతి నుంచి వెయ్యి పెట్టుకుంటాం, ఆపైన కంపెనీ చూసుకుంటుంది. మొత్తం ధర ముందున్నదానికి కాస్త అటూ ఇటూగా తేలింది. వాడికి నమ్మకం కుదరక రెండుసార్లు లెక్క చూశాడు. ఇందులో మాయ లేదు. రోజూ జరిగేవి చిన్న ప్రమాదాలు. కంపెనీ డబ్బు ఎక్కువగా పోయేది ఆ మొదటి వేల డాలర్లలోనే. లక్ష దాకా వెళ్లే ప్రమాదాలు అరుదు కాబట్టి ఆ పై పొరలని తక్కువకి అమ్మగలుగుతారు. డిడక్టబుల్‌ది దీనికి తిరగేసిన లెక్క. చిన్న చిన్న క్లెయిములు కంపెనీ దగ్గరికి రాకుండా మనమే ఆపుతున్నాం, అందుకని తగ్గిస్తారు. చేతిలో వెయ్యి డాలర్లు నిల్వ లేకపోతే మాత్రం ఈ పని చేయకూడదు.

సొంతిల్లు, పొదుపు ఉన్నవాళ్లు ఇంకో మెట్టు ఎక్కాలి. అంబ్రెల్లా పాలసీ అని ఉంటుంది. కారు పాలసీ అయిపోయిన చోట మొదలై ఇంకో పది లక్షల డాలర్లు కాస్తుంది. అది ఇవ్వాలంటే కింద కారు పాలసీ పరిమితులు ఎక్కువ ఉండాలని కంపెనీ అడుగుతుంది. మన ఇళ్లల్లో పదహారేళ్ల పిల్లలు స్టీరింగ్ పట్టే రోజు వచ్చిందంటే దీన్ని వాయిదా వేయకండి.

మరి ధర ఎలా కడతారు? వయసు, ఇక్కడి డ్రైవింగ్ రికార్డు, బండి రకం, ఏటా నడిపే మైళ్లు, ఉండే జిప్ కోడ్, మధ్యలో ఇన్సూరెన్స్ తెగిందా లేదా. టెక్సాస్‌లో వీటితోపాటు క్రెడిట్ చరిత్ర కూడా చూడొచ్చు. కొత్తగా వచ్చినవాడికి దెబ్బ మీద దెబ్బ ఇక్కడే. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పదేళ్లు నడిపిన అనుభవాన్ని చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు, క్రెడిట్ ఇంకా పుట్టనే లేదు. కాలిఫోర్నియాలో ఉన్న మా తోడికోడలికి ఈ బాధ లేదు. అక్కడ 1988లో ఓటర్లు నెగ్గించిన ప్రపోజిషన్ 103 ప్రకారం డ్రైవింగ్ రికార్డు, ఏటా నడిపే మైళ్లు, ఎన్నేళ్ల అనుభవం అన్న మూడింటికే పెద్దపీట వేయాలి, క్రెడిట్ చూడకూడదు. నా మటుకు నాకు ఆ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. అప్పు తీర్చే తీరుకీ బ్రేకు వేసే తీరుకీ ముడిపెట్టడం కొత్తగా వచ్చినవాళ్ల మీదా పేదవాళ్ల మీదా బరువు మోపడమే.

ఆదా మార్గాల్లో అన్నిటికన్నా గట్టిది ఓపిగ్గా వాకబు చేయడం. ఒకే మనిషికి, ఒకే బండికి, ఒకే పరిమితులకి కంపెనీని బట్టి ధర చాలా మారుతుంది. ఆరు నెలల పాలసీ ముగిసే ముందు మూడు నాలుగు చోట్ల అడగండి. పరిమితులు మాత్రం అన్ని చోట్లా ఒకటే పెట్టి పోల్చాలి, లేకపోతే ఆ పోలికకి అర్థం లేదు. ఇల్లో అద్దె ఇంటి సామాన్లో అదే కంపెనీలో పెట్టడం, ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టడం, మార్కులు బాగున్న విద్యార్థికిచ్చే తగ్గింపు అడగడం తెలిసినవే. టికెట్ పడితే చాలామంది జరిమానా కట్టేసి ఊరుకుంటారు. అది రికార్డుకెక్కి ధర పెంచుతుంది. టెక్సాస్‌లో మామూలు స్పీడు టికెట్‌ని, పరిమితి మీద పెరిగింది 25 మైళ్ల కన్నా తక్కువైతే, కోర్టు గడువులోగా అనుమతి తీసుకుని డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు పూర్తి చేసి కొట్టేయించుకోవచ్చు, ఏడాదికి ఒకసారి. ఫోన్‌లో యాప్ పెట్టి మనం బండి నడిపే తీరు చూసి తగ్గిస్తామనే పథకాలు పగటిపూట కొద్దిగా నడిపేవాళ్లకి మంచివే. అర్ధరాత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్లు, దాని వల్ల ధర పెరిగే అవకాశం కూడా ఉందా అని ముందే అడగాలి.

ఇండియాకి మూడు నెలలు వెళ్తూ పాలసీ రద్దు చేసి వెళ్లేవాళ్లున్నారు. తిరిగొచ్చాక ఆ ఖాళీ చూపించి కొత్త పాలసీ ఎక్కువకి ఇస్తారు. మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది. వెళ్లే ముందు కంపెనీకి ఫోన్ చేసి, బండి కదలదు, పాలసీ తెగకుండా ఎంత తగ్గించగలరని అడగడం మేలు.

కాంప్రహెన్సివ్ దగ్గర మా ఉత్తర టెక్సాస్‌కి వేరే లెక్క ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ వడగళ్లు గోల్ఫ్ బంతులంత పడతాయి. అలాంటి వాన వెలిసిన వారానికే రోడ్ల పక్క, పార్కింగ్ స్థలాల్లో సొట్టలు తీసేవాళ్ల టెంట్లు లేస్తాయి. బానెట్ మీద చారల లైటు పెడతారు. చారలు నిటారుగా ఉంటే రేకు బాగున్నట్టు, వంకర తిరిగిన చోటల్లా ఒక సొట్ట. అడుగు నుంచి పొడుగాటి ఇనప కడ్డీ దూర్చి, రంగు చెదరకుండా కొద్దికొద్దిగా పైకి నెడుతూ పోతారు. ఒక బండి మీద వందకి పైగా సొట్టలు లెక్కపెట్టడం నేను చూశాను. ఈ ఖర్చు కొలిజన్ కిందికి రాదు, కాంప్రహెన్సివ్ ఇస్తుంది. దొంగతనం, జింక అడ్డుపడడం, వరద నీళ్లు కూడా దాని కిందే. 2017లో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ని ముంచినప్పుడు ఎదుటివాళ్ల నష్టానికిచ్చే లయబిలిటీ మాత్రమే ఉన్నవాళ్ల కార్లకి కంపెనీల నుంచి ఏమీ రాలేదు. అందుకని డాలస్‌లో కొలిజన్ డిడక్టబుల్ పెంచినా కాంప్రహెన్సివ్‌ది తక్కువే ఉంచుకోమంటాను, దాని ధర ఎలాగూ తక్కువ. బండి రెండు మూడు వేలు కూడా చేయని దశకి వచ్చాక రెండూ తీసేయొచ్చు.

నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక్కరి పేరు మీదే పాలసీ తీసుకుని మిగతావాళ్లని చెప్పకుండా దాచడం ప్రమాదకరమైన పొదుపు. ఫలానావాడు ఈ బండి నడపడని ఎక్స్‌క్లూడెడ్ డ్రైవర్‌గా రాసిచ్చినా, అతను స్టీరింగ్ పట్టి గుద్దితే కంపెనీ పైసా ఇవ్వదు.

ఇక మా వాడు తన పాలసీలో వద్దన్న రెండు వరసలు. ఈ దేశంలో సుమారు ఏడుగురు డ్రైవర్లలో ఒకరికి ఇన్సూరెన్స్ లేదని అంచనా. మిగతావాళ్లలో చట్టం అడిగే కనీసంతో నెట్టుకొచ్చేవాళ్లు ఎంతోమంది. అలాంటివాడు మనల్ని గుద్దితే మన వైద్యానికి, మన పక్కన కూర్చున్నవాళ్ల వైద్యానికి ఇచ్చేది మన అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజే. తప్పు ఎవరిదైనా సరే, ఆసుపత్రి బిల్లులకి వెంటనే చేతికందేది పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్. ఇది 2,500 డాలర్లతో మొదలవుతుంది, పెంచుకోవచ్చు. బండిలో ఎక్కినవాళ్లకీ వర్తిస్తుంది.

చలికాలం పోగానే మన అమ్మానాన్నలు వస్తారు. డెబ్బై ఏళ్ల మనుషులు, వాళ్లకున్నది పరిమితులతో కూడిన విజిటర్ ఇన్సూరెన్స్. గుడికీ, ఇండియన్ స్టోర్‌కీ, మనవడి స్కూలుకీ మన బండి వెనక సీట్లోనే తిరుగుతారు. నెలకి కొద్దిపాటి డబ్బు మిగులుతుందని ఈ రెండూ తీసేసిన బండిలో వాళ్లని ఎక్కించుకోవడం నాకు మింగుడుపడదు.

టెక్సాస్‌లో ఈ రెండింటినీ ప్రతి కంపెనీ ఇవ్వజూపాలి, వద్దంటే రాతపూర్వకంగా వద్దనాలి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు గబగబా నొక్కిన పెట్టెల్లో ఒకటి ఆ సంతకమే. మా వాడిదీ అంతే. ఈమెయిల్‌లో వచ్చిన కాగితాల్లో చూస్తే ఆ తిరస్కరణ ఫారం, దాని కింద వాడి పేరు, తేదీ దొరికాయి. సోమవారం పొద్దున్నే కంపెనీకి ఫోన్ చేసి రెండూ చేర్చమన్నాడు, ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చాయి. దీనికి రెన్యువల్ దాకా ఆగనక్కర్లేదు.