దాదీమా పేరు

ఫిల్మ్‌నగర్‌కు వెళ్ళేవారు సాధారణంగా సినిమా తారల ఇళ్ళు చూడటానికి వెళ్తారు. గత వేసవిలో మేము అక్కడికి వెళ్ళినది ఒక జొన్నచేను ఆనవాలు వెదకటానికి.

"మన చేను షేక్‌పేట గుట్టల దిగువన ఉండేది. గట్టు మీద నిలబడితే గోల్కొండ కోట కనిపించేది" అని మా దాదీమా తరచుగా చెప్పేవారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిసి, చిత్రపరిశ్రమ మద్రాసు నుండి క్రమంగా తరలివచ్చిన పిదప ఆ ప్రాంతపు రూపమే మారినది. కోట్ల విలువ చేసే భూమి ఒకనాడు మనదేనన్న గర్వం మాత్రం మా ఇంట మిగిలినది.

తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో మొగలు కాలపు పారసీ పత్రాలు సైతం భద్రంగా ఉన్నాయి. కాని సామాన్య రైతు జాడ పహాణీలోనే దొరుకుతుంది. దాదా రేకుపెట్టెలో 1954–55 నాటి ఖాస్రా పహాణీ నకలు కనిపించినది. మేము తెలుగు ఎం.ఏ. చదివినవారము. పహాణీ, పట్టా, కబ్జా, తహసీలు అన్న మాటలు మాకు తెలుగే. వాటిని వ్రాసిన ఉర్దూ గొలుసుకట్టు లిపి మాత్రం కొరుకుడు పడలేదు. ఉర్దూ శాఖ మిత్రులొకరు చదివి వినిపించారు. దాదా పేరు కబ్జా గడిలో ఉన్నది. పట్టాదారు గడిలో ఉన్న పేరు వేరొకరిది. భూమి మాది కాదు; దున్నిన చేతులు మాత్రమే మావి.

దాదీమా పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఇంట్లోనే కాక రేషను కార్డులో కూడా ఆమెకు పిలుపుపేరే ఉండేది. పూర్తి పేరు కొరకు ఖాజీగారి వద్ద ఉన్న పాత నిఖా సియాహాను చూడవలసి వచ్చినది. ఫసలీ 1355. దానికి 590 కలిపితే 1945. అంటే ఆ అక్టోబరు మొదలు మరుసటి అక్టోబరు లోపల జరిగిన నిఖా. అందులో వధువు పేరు, ఆమె తండ్రి పేరు, వకీలు, ఇద్దరు సాక్షులు ఉన్నారు. మహరు మొత్తం హాలీ సిక్కా రూపాయలలో వ్రాసి, తరువాత చెల్లించవలసినదని చేర్చారు. అది చెల్లినట్లు తెలిపే చీటీ ఏదీ రేకుపెట్టెలో లేదు.

ఆ సాయంత్రం అబ్బాకు అంతయు చదివి వినిపించాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "చేను వేరేవాళ్ళది. మహరు చేతికి అందిందో లేదో! అయినా అమ్మ ఏనాడూ 'వాళ్ళ చేను' అనలేదు" అన్నారు. పిదప ఆ పేరు మరొకసారి చదవమన్నారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి తల్లి పూర్తి పేరు వినుట అదే మొదటిసారి.

ఆ పేరును ఇక్కడ అచ్చువేయుట లేదు. తన పేరు పరాయివారి ముందు పలుకుట దాదీమాకు ఇష్టముండేది కాదు. మా కుమార్తె చేత మాత్రం పలకలపై రెండు లిపులలోను వ్రాయించాము.

విద్యార్థులారా! మీ తాతల పేర్లు భూమి కాగితాలలో దొరకవచ్చును. నానీ, దాదీల పేర్లు అంత సులభముగా దొరకవు. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినపుడు వారి పూర్తి పేరు, వారి తల్లి పేరు, పుట్టిన ఊరు అడిగి వ్రాసుకొనండి. మేము అడుగవలసిన కాలంలో అడుగలేదు.