పది మందిలో ఒకరు అంటున్నారు, ఆ లెక్కలో మనం ఉన్నామా?

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. ఆడపిల్లల విషయం కదా అని అన్నదమ్ములు మధ్యలో వదిలేయొద్దు. మీ ఇంట్లో కూడా అమ్మ, అక్క, చెల్లి ఉంటారు.

మా హాస్టల్ గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. పోయిన సెమిస్టర్ పరీక్షల్లో మాలో ఒకామె అరగంటకే పేపర్ ఇచ్చేసి బయటికి వచ్చేసింది. ప్రశ్నలు రాక కాదు, కడుపునొప్పికి కూర్చోలేక. ఆ సబ్జెక్టు పోయింది. తన పేరు రాయొద్దంది. అందుకే గది మొత్తం కలిసి 'మేం' అని రాస్తున్నాం.

తొమ్మిదో తరగతి నుంచి తనకు నెలనెలా ఇదే బాధ. ఆశ్రమ స్కూల్లో నొప్పి బిళ్ల ఇచ్చి పడుకోమనేవాళ్లు. ఇంటికి పోతే అమ్మ వాము నీళ్లు కాచి ఇచ్చి, "మాకు రాలేదా ఏంటి? పెళ్లయితే అదే తగ్గుద్ది" అనేది. ఒకచోట రక్తం తక్కువుందని ఐరన్ బిళ్లలు రాశారు. ఇంకోచోట సికిల్ సెల్ పరీక్ష చేసి, లేదన్నారు. స్కాన్ తీస్తే నార్మల్ అని వచ్చింది. కాగితం మీద నార్మల్ అని ఉంటే ఇంక ఎవరికి చెప్పుకుంటది? మేమే "ఊరికే నాటకాలు ఆడకు" అన్న రోజులున్నాయి. అది దాచి రాస్తే ఈ పోస్టుకు అర్థం లేదు.

పరీక్ష పోయాక ఇద్దరం తోడు వెళ్లి పట్నంలో లేడీ డాక్టర్‌కు చూపించాం. ఆమె తీరిగ్గా అడిగింది. దొడ్డికి పోయేటప్పుడు నొప్పి వస్తదా? ఒంటికి పోయేటప్పుడు? నెలసరి లేని రోజుల్లో కూడా ఉంటదా? ఇవి అంతకుముందు ఎవరూ అడగలేదు. మళ్లీ స్కాన్ చేస్తే అండాశయంలో చాక్లెట్ సిస్ట్ కనిపించింది. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్ అన్నారు.

మాకు అర్థమైనట్టు చెప్తాం. గర్భసంచి లోపల ఉండే పొర లాంటిదే గర్భసంచి బయట, అంటే అండాశయాల మీద, పేగుల దగ్గర పెరుగుతుంది. దానివల్ల వాపు, మచ్చలు వస్తాయి, లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కోవచ్చు. కొందరికి పిల్లలు పుట్టడం కష్టమవుతుంది, అందరికీ కాదు. పూర్తిగా పోగొట్టే మందు లేదు గానీ నొప్పి బిళ్లలు, హార్మోన్ బిళ్లలు, అవసరమైతే ఆపరేషన్‌తో అదుపులో పెట్టొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఇది ఉంది. జబ్బు పేరు బయటపడటానికి 4 నుంచి 12 ఏళ్లు పడుతుందట. మా స్నేహితురాలికి ఆరేళ్లు పట్టింది.

అయితే ఆ 10 శాతం ఒక అంచనా. చాలాకాలం ఈ జబ్బును ఖాయం చేయాలంటే పొట్టలోకి కెమెరా పంపి చూడాల్సిందే, దాన్ని లాప్రోస్కోపీ అంటారు. అంతదాకా పోగలిగినవాళ్లే లెక్కలోకి వచ్చారు. అమెరికాలో ఒకప్పుడు దీన్ని డబ్బున్న, చదువుకున్న తెల్ల ఆడవాళ్ల జబ్బు అనుకునేవాళ్లు. నల్లజాతి ఆడవాళ్లు అదే నొప్పితో వస్తే ఇన్ఫెక్షన్ అని రాసి పంపేవాళ్లు. 1976లో డోనాల్డ్ చాట్‌మన్ అనే డాక్టర్ అలాంటివాళ్లకు లాప్రోస్కోపీ చేసి చూస్తే, ఐదుగురిలో ఒకరికి పైగా ఉన్నది ఎండోమెట్రియోసిసే. అప్పటిదాకా వాళ్లకు జబ్బు లేక కాదు, చూసినవాళ్లు లేక.

అది చదివాక మాకు మన గూడేలు గుర్తొచ్చాయి. మన అమ్మల నొప్పి ఏ లెక్కలో ఉంది? నొప్పి, రక్తస్రావం అని పోతే గర్భసంచి తీసేయించుకున్న అత్తలు, పిన్నులు మా అందరి ఇళ్లలో ఉన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అవన్నీ ఈ జబ్బు వల్లే అని మేం అనట్లేదు. కానీ ఈ జబ్బున్న మనిషికి గర్భసంచి తీసేసినా, బయట పెరిగింది అలాగే ఉంటే నొప్పి మళ్లీ రావచ్చు. ఈ సంగతి తెలిసే సంతకం పెట్టారా అన్నదే మా ప్రశ్న.

ప్రతి నెలసరి నొప్పీ ఇదే అని భయపడొద్దు. కానీ బిళ్ల వేసుకున్నా తగ్గక నెలనెలా క్లాసు మానేయాల్సి వస్తుంటే అది మామూలు కాదు. స్కాన్ నార్మల్ వచ్చినా ఈ జబ్బు లేదని తేలిపోయినట్టు కాదు. మా గదిలో ఇప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టాం. ఏ తేదీన, ఎక్కడ నొప్పి, ఎన్ని క్లాసులు పోయాయి అని ఎవరిది వాళ్లు రాసుకుంటున్నాం. డాక్టర్ దగ్గర సిగ్గుతో మాట రాకపోతే ఆ పేజీ చూపిస్తే చాలు. మీ హాస్టళ్లలో కూడా మొదలుపెట్టండి.

తను సప్లిమెంటరీకి ఫీజు కట్టింది. పరీక్ష తేదీ మళ్లీ ఆ రోజుల్లోనే పడేలా ఉంది. ఈసారి సరైన బిళ్లలు ఉన్నాయి, వార్డెన్ మేడంకు విషయం తెలుసు, గేటు దగ్గర మేం ఉంటాం.

జోహార్.