బుగ్గ నీళ్ళ దగ్గర ఒక రాత్రి

పోయిన క్రిస్మస్‌కు మా సంఘంలో పెరిగిన ఒక యౌవనస్థుడు జపాను దేశం నుండి సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఆరాధన ముగిసిన తరువాత చర్చి ముందు చింతచెట్టు కింద అందరం కూర్చొని, అక్కడి సంగతులేమైనా చెప్పు నాయనా అని అడిగాం. పెద్ద పెద్ద మేడల గురించి, వేగంగా పోయే రైళ్ళ గురించి చెబుతాడనుకున్నాం. అతడు మాత్రం కొండల మధ్య ఒక పల్లెటూరిలో తాను గడిపిన ఒక రాత్రి గురించి చెప్పాడు.

అక్కడ భూమిలోనుండి వేడినీళ్ళు ఊరే చోట్లను 'ఒన్‌సెన్' అంటారు. వాటి పక్కన ఉండే పాతకాలపు సత్రాలను 'ర్యోకాన్' అంటారు. వాకిట్లోనే చెప్పులు విడవాలి. గడ్డితో అల్లిన చాపలు పరచిన గదిలో, నేలమీదనే పడక. కట్టుకోవడానికి నూలు అంగీ ఒకటి వాళ్ళే ఇస్తారు. రాత్రి భోజనం చిన్న చిన్న గిన్నెల్లో వడ్డిస్తారు. అన్నిటికంటె ముఖ్యం స్నానం. మొదట చిన్న పీట మీద కూర్చొని, సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకొని, నురుగు లేకుండా కడుక్కోవాలి. ఆ తరువాతనే వేడినీళ్ళ తొట్టిలో దిగాలి. తొట్టిలో రుద్దుకోకూడదు, తువ్వాలు కూడా ముంచకూడదు. మగవారికి వేరు, ఆడవారికి వేరు. బట్టలతో దిగడం మాత్రం లేదు.

ఆ మాటకు మా సంఘపు స్త్రీలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు.

"నవ్వకండి అవ్వా. కంపెనీ పెద్దా, లారీ తోలేవాడూ ఒకే నీళ్ళలో మెడ దాకా మునిగి కూర్చుంటారు. బట్టలు లేవు గనుక ఎవరు ఎవరో తెలియదు" అన్నాడతడు.

మా అమ్మ ఈ మాటలన్నీ శ్రద్ధగా విన్నది. ఆమెకు డెబ్బై ఏండ్లు దగ్గర పడుతున్నాయి. రెండు మోకాళ్ళూ నొప్పులే. "నీళ్ళు ఎవరు కాస్తారు నాయనా?" అని అడిగింది.

"ఎవరూ కాయరవ్వా. వేడిగానే పైకి వస్తాయి."

"కట్టెలు లేకుండానా!" అని ఆశ్చర్యపోయింది. కంపకట్టెలు మోసి మోసి తల అరిగిన మనిషి మరి.

"కానీ ఒక్క సంగతి అవ్వా. ఒంటిమీద పచ్చబొట్టు ఉంటే చాలా చోట్ల తొట్టిలోకి రానివ్వరు. అక్కడ రౌడీ ముఠాలవాళ్ళు పొడిపించుకుంటారని" అన్నాడు.

అమ్మ తన ముంజేతి మీది పచ్చబొట్టు చూసుకొని, "అట్లయితే నన్ను ఆడా రానీరు" అని నవ్వింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ 'ఆడా' అన్న మాట మనసులో ముల్లులా మిగిలిపోయింది.

జపానులో ఈ సత్రాల చరిత్ర చాలా పాతది. యమనాషి ప్రాంతపు కొండల్లో నిషియామా ఒన్‌సెన్ కెయున్‌కన్ అనే సత్రం క్రీస్తు శకం 705లో మొదలైంది. ప్రపంచంలో అతి పురాతనమైన హోటలు ఇదేనని 2011లో గిన్నిస్ వారు గుర్తించారు. ఒన్‌సెన్‌ల కొరకు 1948లో అక్కడ ఒక చట్టమే చేశారు. దాని ప్రకారం ఊట దగ్గర నీళ్ళ వేడి 25 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలు, అది ఒన్‌సెనే. మన సీమలో బోరు నీళ్ళు చాలా మటుకు అంతకంటె వెచ్చగానే ఉంటాయి. ఆ లెక్కన మా చర్చి ఆవరణలోని బోరింగు కూడా ఒన్‌సెనే!

నిజంగా వేడిగా ఊరే నీళ్ళు మన తెలుగు నేలలో గోదావరి లోయలో ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాలలో ఏటి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు వస్తాయి. మన కర్నూలు, కడప వైపు ఊటను 'బుగ్గ' అంటాం. మన బుగ్గల్లో ఎక్కువ మంది ఎరిగినది మహానంది. అది 2022లో కర్నూలు నుండి విడిపోయిన నంద్యాల జిల్లాలో, నల్లమల అంచున ఉంది. కొండల మీద కురిసిన వాన రాళ్ళ పగుళ్ళలోకి దిగి, అక్కడ ఏడాది పొడవునా పైకి ఊరుతుంది. గుడి కోనేళ్ళలోనుండి బయటికి పారే ఆ నీళ్ళతో చుట్టూ అరటితోటలు పచ్చగా ఉంటాయి. భూమి లోపలి నీళ్ళ వేడి కాలాన్ని బట్టి పెద్దగా మారదు. గనుక ఎండాకాలంలో చల్లగాను, చలికాలం తెల్లవారుజామున వెచ్చగాను తగులుతాయి.

నాతో చదువుకున్న మిత్రుడొకరికి ఆ పక్కనే అరటితోట ఉంది. ఎన్నో ఏండ్లుగా రమ్మని పిలుస్తున్నాడు. జనవరిలో అమ్మను తీసుకొని జమ్మలమడుగులో రైలెక్కాను. ఎర్రగుంట్ల–నంద్యాల మార్గంలో 2016లో రైళ్ళు మొదలయ్యాక మా వైపువారికి ఈ ప్రయాణం సులువైంది.

తోటలోనే మిత్రుని ఇల్లు. రాత్రి జొన్నరొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల ఊరుబిండి పెట్టారు. అమ్మకు వసారాలో నులక మంచం వేశారు. రాత్రంతా కాలువ పారే సద్దు వినబడుతూనే ఉంది. కడప జిల్లా మనిషికి ఆ సద్దు ఎంత అపురూపమో మీకు చెప్పనక్కరలేదు.

తెల్లవారుజామున చలి బాగా ఉంది. కాలువ మీద పొగలాగా ఆవిరి లేస్తోంది. మిత్రుని భార్య, ఆమె అత్తగారు స్నానానికని బండల దగ్గర ఉన్నారు. అమ్మను చెయ్యి పట్టుకొని అక్కడి దాకా నడిపించాను. బండల దగ్గరికి రాగానే అమ్మ నా చెయ్యి విడిపించుకొని, గట్టు వెంబడి ఇరవై అడుగులు కిందికి, నీళ్ళు పారిపోయే వైపుకు నడిచింది. ఎవరూ పొమ్మనలేదు. ఆమె కాళ్ళే అటు పోయాయి.

ఎందుకో నాకు తెలుసు. అమ్మ చిన్నతనంలో మా పల్లెవాళ్ళు ఊరిబావి గిలక ముట్టుకోకూడదు. కడవ కింద పెట్టుకొని దూరంగా నిలబడాలి. ఎవరికైనా దయ కలిగితే చేది పైనుండి పోసేవాళ్ళు. ఒక్కోనాడు పొద్దు నడినెత్తికి వచ్చేదట. వంక పారినప్పుడు ఊరివాళ్ళది పై పక్క, మావాళ్ళది కింది పక్క. 1927 మార్చి 20న డాక్టరు అంబేద్కరుగారు మహాద్ చెరువులో నీళ్ళు తాగి పోరాటం మొదలుపెట్టారు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం, 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపేరునా చెప్పి, వాటి దగ్గర కులాన్ని బట్టి ఎవరినీ అడ్డగించకూడదన్నది. మా అమ్మ పుట్టింది ఆ తరువాతనే. అయినా ఆమె నిలబడింది.

మిత్రుని తల్లి తలెత్తి చూసింది. "కిందికి యాడికి పోతావమ్మా, ఆడ బురద. కాలు జారుతుంది. ఈడికి రా" అని పిలిచింది. అమ్మ కదలలేదు. "పర్వాలేదులేమ్మా" అన్నది. అప్పుడు ఆ పెద్దామె చెంబు పట్టుకొని లేచి, తానే గట్టు దిగి అమ్మ దగ్గరికి వచ్చింది. స్త్రీల స్నానం దగ్గర మగవాళ్ళకేం పని? నేనూ మిత్రుడూ తోటలోకి వెళ్ళిపోయాం. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

తిరుగు రైలులో కోయిలకుంట్ల దాటేవరకు అమ్మ కిటికీలోనుండి బయటికే చూస్తూ కూర్చుంది. తరువాత నెమ్మదిగా, "ఆయమ్మ నా వీపు రుద్దిందిరా. మా అమ్మ పోయినాక నా వీపు ఎవరూ రుద్దలేదు" అన్నది. మరి ఏమీ అనలేదు.

ప్రియ పాఠకులారా, ఆ రోజు నుండి నేను ఒక సంగతి ఆలోచిస్తున్నాను. మా ఊరి బావి ఇప్పుడు ఎండిపోయింది. అందులో కంపచెట్లు మొలిచాయి. ఊరినిండా బోర్లు పడ్డాయి, ఇంటింటికీ కొళాయి వచ్చింది. ఇప్పుడు నీళ్ళ దగ్గర తగాదా లేదు. తగాదా తీరి కాదు, కలిసి తోడుకోవలసిన పని లేక. ఆ బావి అందరిదీ కాకముందే ఎవరికీ పనికి రాకుండా పోయింది. కొళాయిలు వచ్చాయి గనుక మనసులు కలిశాయని మనం అనుకుంటున్నాం.

ఇతరుల మాట ఎందుకు? మన విందుల్లో పంక్తులు చూడండి. పెండ్లి సంబంధాల దగ్గర మన మాటలు వినండి. ఫలానా గేరివాళ్ళ చర్చి అని మనమే అంటుంటాం. మనలో పై పక్క, కింది పక్క లేవా? మనకంటె కింది పక్కకు నడిచి వెళ్ళిన ఒక మనిషి ఉంటే, చెంబు పట్టుకొని మనం ఎప్పుడైనా గట్టు దిగామా?

బుగ్గ నీళ్ళు అమ్మ మోకాళ్ళను బాగుచేశాయని నేను చెప్పను. రెండు మూడు దినాలు తేలికగా ఉన్నాయన్నది. వారం తిరగకుండానే నొప్పులు మళ్ళీ వచ్చాయి. "ఇంకొకసారి పోదామా నాయనా?" అని తానే అడిగింది.

"పోదాం. కానీ ఈసారి ముందు ఆ పెద్దామెను మన ఇంటికి పిలుద్దాం" అన్నాను.

అమ్మ సంతోషపడుతుందనుకున్నాను. ఆమె ముఖంలో దిగులు కనబడింది. "పిలుస్తే బాగుంటుంది. కానీ మన బోరింగు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదరా. ఆయమ్మకు యా నీళ్ళు ఇద్దాము?" అని ఆలోచనలో పడింది.